'ప్లీజ్ ప్లీజ్ మీ' ఆల్బమ్‌లో గొంతులు ఒక చెవిలో, వాయిద్యాలు ఇంకో చెవిలో ఎందుకు వినిపిస్తాయి?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. బీటిల్స్ మొదటి ఆల్బమ్ 'ప్లీజ్ ప్లీజ్ మీ'ని ఫోన్‌లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటుంటే పాడేవాళ్ల గొంతులు కుడి చెవిలోనూ, గిటార్లు, డ్రమ్ములు ఎడమ చెవిలోనూ వినిపిస్తున్నాయి. ఇయర్‌ఫోన్లు పాడయ్యాయా, లేక ఆల్బమే అలా ఉందా అన్నది మీ మొదటి సందేహం. ఆల్బమ్ మొత్తాన్ని ఒక్కరోజులో రికార్డు చేశారన్న మాట నిజమేనా, వినడానికి ఏ ప్రతి మంచిది అన్నవి మిగిలిన రెండు.

మీ ఇయర్‌ఫోన్లు బాగానే ఉన్నాయి. ఈ ఆల్బమ్ స్టీరియో ప్రతి, అంటే ఎడమ, కుడి వైపులకు వేరువేరు ధ్వనులు వచ్చేది, 1963 నుంచీ అలాగే ఉంది. దీన్ని మోనోలో, అంటే రెండు చెవుల్లోనూ ఒకే ధ్వని వచ్చే ప్రతిలో వినండి. ఒక్కరోజు సంగతి ముప్పాతిక వంతు నిజం: 14 పాటల్లో 10 పాటలు 1963 ఫిబ్రవరి 11న రికార్డయ్యాయి, మిగిలిన నాలుగూ అంతకు ముందే రెండు సింగిల్స్‌గా, అంటే పక్కకో పాట ఉండే చిన్న రికార్డులుగా వచ్చినవి.

నేను చాలా ఏళ్లుగా పాత ఎల్పీలను, టేపులను శుభ్రం చేసి డిజిటల్‌లోకి ఎక్కించే పనిలో ఉన్నాను. మీ మొదటి సందేహం నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అడిగేదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

లండన్‌లోని అబ్బే రోడ్‌లో ఉన్న ఇ.ఎం.ఐ. రికార్డు కంపెనీ స్టూడియోలో, రెండో నంబరు గదిలో ఈ పాటలు రికార్డయ్యాయి. నిర్మాత జార్జ్ మార్టిన్, సౌండ్ ఇంజనీరు నార్మన్ స్మిత్. అప్పటికి పాప్ బృందాలకు అక్కడ దొరికింది రెండు ట్రాకుల టేప్ మెషీన్ మాత్రమే, అంటే టేపు మీద రెండు విడివిడి వరుసల్లో ధ్వనిని ఎక్కించేది. బీటిల్స్ నాలుగు ట్రాకుల మెషీన్ మీద మొదటిసారి పని చేసింది అదే ఏడాది అక్టోబరులో, అంటే ఈ ఆల్బమ్ దుకాణాలకు వెళ్లిన దాదాపు ఏడు నెలలకు. ఉన్న రెండు ట్రాకుల్లో ఒకదాని మీదికి డ్రమ్ములు, బేస్, గిటార్లు అన్నీ కలిపి పంపారు, రెండోదాని మీదికి గొంతులు పంపారు. అలా విడదీసింది శ్రోతకు ఎడమ, కుడి చూపించడానికి కాదు. పాట టేపు మీదికి ఎక్కిన తర్వాత, మోనో మిక్సు చేసే రోజున, అంటే రెండు ట్రాకులనూ కలిపి ఒకే ధ్వనిగా చేసే రోజున, గొంతు కాస్త పైకి రావాలా, వాయిద్యాలు కాస్త తగ్గాలా అన్నది తీరిగ్గా తేల్చుకునే వీలు ఉండాలని మాత్రమే అలా చేశారు. డ్రమ్ములకూ బేస్‌కూ మధ్య హెచ్చుతగ్గులు మాత్రం రికార్డు చేసేటప్పుడే నిర్ణయమైపోయాయి, తర్వాత మార్చడానికి ఏమీ ఉండదు.

అంటే మీ చెవిలో పడుతున్న స్టీరియో, ఒక పని మధ్యలో వాడుకున్న రెండు ట్రాకులను దాదాపు ఉన్నవి ఉన్నట్టుగా అటొకటి ఇటొకటి పెట్టి, కాస్త ప్రతిధ్వని చేర్చి విడుదల చేసినది. ఈ ఆల్బమ్ మోనో, స్టీరియో మిక్సులు రెండూ 1963 ఫిబ్రవరి 25న, ఒకే రోజున పూర్తయ్యాయి. ఆ రోజు బృందంలోని నలుగురిలో ఎవరూ అక్కడ లేరు. మోనో ఎల్పీ మార్చి 22న వచ్చింది, స్టీరియో ఎల్పీ ఏప్రిల్ 26న వచ్చింది. ఈ నెల రోజుల తేడాలోనే కంపెనీ దేన్ని ముఖ్యమనుకుందో తెలుస్తుంది. ఆనాటి బ్రిటన్ యువత ఇళ్లలో ఉన్నవి డాన్‌సెట్ లాంటి ఒక్క స్పీకరు రికార్డ్ ప్లేయర్లు, పాటలు వినిపించిన రేడియో కూడా మోనోయే. స్టీరియో అప్పట్లో ప్రధానంగా శాస్త్రీయ సంగీతం వినే, ఖరీదైన పరికరాలు కొనుక్కోగల పెద్దవాళ్ల సరదా. అందుకే తొలి ముద్రణ స్టీరియో ఎల్పీలు చాలా తక్కువగా అమ్ముడయ్యాయి, అందుకే నేడు పాత రికార్డులు సేకరించేవాళ్లు వాటికి విపరీతమైన ధరలు పెడుతున్నారు. ధర ఎక్కువ కనుక ధ్వని గొప్పదని అనుకోకూడదు, అది అరుదైన వస్తువు, అంతే.

మన దగ్గరా అదే పరిస్థితి. ఆ కాలంలో మద్రాసు స్టూడియోల్లో రికార్డయిన తెలుగు సినిమా పాటలు మోనోయే. గాయకులు, వాద్యబృందం ఒకే గదిలో, ఒకేసారి పాడి వాయించినవే. వాటికి తర్వాతి కాలంలో అంటించిన కృత్రిమ స్టీరియోను విన్నవాళ్లకు నేను చెబుతున్నది తేలిగ్గానే అర్థమవుతుంది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు: రెండు ట్రాకులనూ కలిపేస్తే మోనో అయిపోతుంది కదా, అందులో ప్రత్యేకత ఏముంది? ఉంది. మోనో మిక్సు చేసేటప్పుడు ఇంజనీరు గొంతు, వాయిద్యాల పాళ్లను చేత్తో సరిచూస్తాడు, కంప్రెషన్‌తో, అంటే పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడాను తగ్గించి, వాటిని ఒకదానికొకటి అంటిస్తాడు, ఎకో ఛాంబర్ నుంచి వచ్చే ప్రతిధ్వనిని ఎంత కలపాలో చూసుకుంటాడు. ఎకో ఛాంబర్ అంటే మీట నొక్కితే పలికే యంత్రం కాదు. స్పీకరునూ మైకునూ పెట్టిన ఖాళీ గది. పాటను అందులో మోగించి, గోడల నుంచి తిరిగి వచ్చిన శబ్దాన్ని మళ్లీ పట్టుకుని పాటలో కలుపుతారు. మోనోలో గొంతు డ్రమ్ముల మీద కూర్చుని ముందుకు దూకుతున్నట్టు ఉండడానికి ఈ పనులే కారణం. స్టీరియోలో అదే గొంతు ఒక పక్కన ఒంటరిగా నిలబడిపోతుంది.

అయినా స్టీరియో ప్రతిని పారెయ్యమని నేను అనను. వినడానికి కాకపోయినా నేర్చుకోవడానికి అది అద్భుతమైన వస్తువు, మా పనిలో ఉన్న కుర్రవాళ్లకు నేను ముందు దాన్నే వినిపిస్తాను. మీరూ ఒకసారి ప్రయత్నించండి. 'ట్విస్ట్ అండ్ షౌట్' పెట్టుకుని, గొంతులు వినిపించే కుడి ఇయర్‌ఫోన్ తీసేయండి. ఎడమ వైపు వాయిద్యాలు మాత్రమే ఉండాలి. కానీ జాగ్రత్తగా వింటే వాటి వెనకాల, గది అవతలి మూల నుంచి వస్తున్నట్టుగా, జాన్ లెనన్ అరుపు సన్నగా వినిపిస్తుంది. డ్రమ్ముల కోసం, గిటార్ల కోసం పెట్టిన మైకుల్లోకి అతని గొంతు కారింది. ఇలా ఒక మైకు శబ్దం ఇంకో మైకులోకి కారకుండా మధ్యలో తెరలు అడ్డుపెట్టడం ఆనాటి పద్ధతి. నార్మన్ స్మిత్ ఆ తెరలను చాలావరకు పక్కన పెట్టించి, కారితే కారనీ అన్నాడు. వేదిక మీద వాయించేటప్పుడు వాళ్ల ధ్వని ఎలా ఉంటుందో టేపు మీద కూడా అలాగే ఉండాలన్నది అతని ఉద్దేశం. ఆ కారడం వల్లనే రెండు ట్రాకులను కలిపినప్పుడు నలుగురూ ఒకే గదిలో ఉన్నట్టు వినిపిస్తుంది. విడదీసి వింటే అదే మనకు వింతగా తోస్తుంది.

స్టీరియో ప్రతిలో ఇంకో విశేషం కూడా ఉంది. 'ప్లీజ్ ప్లీజ్ మీ' పాటలో ఆఖరి చరణం మొదట్లో జాన్, పాల్ మెకార్ట్నీ చెరో మాట పాడతారు. జాన్ పదాలు తప్పాడు. వెంటనే వచ్చే 'కమాన్' దగ్గర అతను నవ్వు ఆపుకుంటూ పాడడం స్పష్టంగా తెలుస్తుంది. మోనోలో ఈ పొరపాటు లేదు. స్టీరియో మిక్సుకు వేరే టేకులను అతికించాల్సి వచ్చింది కనుక ఇది అందులో మిగిలిపోయింది. మీ దగ్గరున్న ఫైలు ఏ మిక్సు నుంచి వచ్చిందో తేల్చుకోవడానికి నేను వాడే మొదటి పరీక్ష ఇదే. పైన ఏ పేరు రాసి ఉన్నా ఈ నవ్వు అబద్ధం చెప్పదు.

ఒక మినహాయింపు: 'లవ్ మీ డూ', 'పి.ఎస్. ఐ లవ్ యూ' పాటలకు అసలు రెండు ట్రాకుల టేపులే మిగల్లేదు. 1963 స్టీరియో ఎల్పీలో ఆ రెండింటినీ మోనో నుంచే, ఒక వైపు మంద్ర ధ్వనులు, మరో వైపు తార ధ్వనులు ఎక్కువయ్యేలా వడపోసి, స్టీరియోలా అనిపించేటట్టు చేశారు. 2009 స్టీరియో రీమాస్టర్‌లో (పాత టేపుల నుంచి కొత్తగా తయారుచేసిన ప్రతిలో) ఆ మాయను వదిలేసి వాటిని మోనోగానే ఉంచారు. కాబట్టి మీ ఫోన్‌లో ఈ రెండు పాటలు వచ్చినప్పుడు మాత్రం ధ్వని నడిమధ్యకు చేరినట్టు ఉంటుంది, దానికి కంగారు పడకండి.

ఇక ఒక్కరోజు సంగతి. జనవరి 11న విడుదలైన 'ప్లీజ్ ప్లీజ్ మీ' సింగిల్ జోరుగా పైకి వెళుతోంది. ఆ ఊపు తగ్గకముందే ఎల్పీ తీసుకురావాలని జార్జ్ మార్టిన్ అనుకున్నాడు. వాళ్లు తరచూ వాయించే లివర్‌పూల్‌లోని కేవర్న్ క్లబ్‌లోనే ప్రేక్షకుల మధ్య రికార్డు చేద్దామని ముందు ఆలోచించి, అక్కడి ధ్వని రికార్డింగుకు పనికిరాదని విరమించుకున్నాడు. అప్పుడు వాళ్లు గాయని హెలెన్ షాపిరో బృందంతో ఊళ్లు తిరుగుతున్నారు. మధ్యలో దొరికిన ఒక సోమవారం స్టూడియోకు వచ్చారు. ఉదయం 10 గంటలకు ఒకటి, మధ్యాహ్నం 2.30కి ఒకటి, రాత్రి 7.30కి ఒకటి చొప్పున మూడు సెషన్లు జరిగాయి. మూడోది 10.45 దాకా సాగింది. సంగీతకారుల సంఘం ధర ప్రకారం ఒక్కో సెషన్‌కు తలా 7 పౌండ్ల 10 షిల్లింగులు ముట్టాయి.

భోజన విరామంలో ఇంజనీర్లు బయటకు వెళితే ఈ నలుగురూ పాలు తాగుతూ అక్కడే సాధన చేస్తూ ఉండిపోయారని అప్పటి సహాయ ఇంజనీరు రిచర్డ్ లాంగమ్ తర్వాత చెప్పాడు. జాన్‌కు ఆ రోజు గట్టిగా జలుబు చేసింది, గొంతు బిళ్లలు చప్పరిస్తూ నెట్టుకొచ్చాడు. గొంతు చీల్చుకుని పాడాల్సిన 'ట్విస్ట్ అండ్ షౌట్'ను అందుకే చివరికి పెట్టారు. మొదటి టేకే ఆల్బమ్‌లో ఉన్నది. రెండోది మొదలుపెట్టారు గానీ అతని దగ్గర గొంతు మిగల్లేదు. పాట ఆఖర్లో వినిపించే ఆ బొంగురు నటన కాదు.

కానీ ఒక్కరోజు అన్న మాటను కొందరు మరీ సాగదీస్తారు. ఏ కత్తిరింపూ, ఏ అతుకూ లేకుండా నేరుగా టేపు మీదికి ఎక్కినదే ఈ ఆల్బమ్ అంటారు. అది సరి కాదు. మొదటి పాట 'ఐ సా హర్ స్టాండింగ్ దేర్'నే తీసుకోండి. పాట అంతా మొదటి టేకు, కానీ దాని ముందు పాల్ 'వన్, టూ, త్రీ, ఫోర్' అని లెక్కపెట్టేది తొమ్మిదో టేకులోది. ఆ 'ఫోర్' దగ్గరి ఊపు నచ్చి, టేపు కోసి ఇక్కడ అతికించారు. అదే పాటలో చప్పట్లు మధ్యాహ్నం చేర్చినవి. 'ఎ టేస్ట్ ఆఫ్ హనీ'లో పాల్ గొంతు మీద అతని గొంతే మరోసారి పడింది. 'దేర్స్ ఎ ప్లేస్'లో మౌతార్గాన్ కూడా తర్వాత వేసినదే. రెండే ట్రాకులున్న మెషీన్ మీద ఇలా చేర్చాలంటే ఒక టేపును మోగిస్తూ, దాంతోపాటు కొత్త శబ్దాన్ని కలిపి, మొత్తాన్నీ రెండో టేపు మీదికి కాపీ చేయాలి. కాపీ చేసిన ప్రతిసారీ టేపు నుంచి వచ్చే సన్నని బుసలాంటి హిస్ పెరుగుతుంది, డ్రమ్ములతోపాటు వాయించే తాళాల (సింబల్స్) మెరుపు కాస్త తగ్గుతుంది. మంచి స్పీకర్ల మీద ఈ తేడాను పాట పాటకూ పట్టుకోవచ్చు.

ఫిబ్రవరి 20న, వాళ్లెవరూ లేనప్పుడు, జార్జ్ మార్టిన్ తానే కూర్చుని 'మిజరీ'కి పియానో, 'బేబీ ఇట్స్ యూ'కు చెలెస్టా (చిన్న గంటల్లా మోగే, పియానో లాంటి వాద్యం) చేర్చాడు. పియానో భాగాన్ని టేపును సగం వేగంతో నడుపుతూ వాయించాడు. మామూలు వేగంలో మోగినప్పుడు ఆ స్వరాలు ఒక స్థాయి పైకి జరిగి, బిగుతుగా, మెరుస్తూ వినిపిస్తాయి. కాబట్టి ఫిబ్రవరి 11న జరిగినది గొప్ప పనే, అందులో సందేహం లేదు. ఆ రోజున 'హోల్డ్ మీ టైట్' కూడా ప్రయత్నించి, కుదరక పక్కన పెట్టారు. మరోవైపు 'బాయ్స్' పాటను రింగో స్టార్ డ్రమ్ములు వాయిస్తూనే పాడి ఒక్క టేకులో ముగించాడు. కానీ ఆల్బమ్‌ను ఆల్బమ్‌గా చేసినది ఆ రోజు వేగం ఒక్కటే కాదు, ఆ తర్వాత టేపుల ముందు కూర్చున్నవాళ్ల ఓపిక కూడా.

మిగిలిన నాలుగు పాటల్లో 'ప్లీజ్ ప్లీజ్ మీ', 'ఆస్క్ మీ వై' 1962 నవంబరు 26న రికార్డయ్యాయి. 'లవ్ మీ డూ', 'పి.ఎస్. ఐ లవ్ యూ' ఆ ఏడాది సెప్టెంబరు 11 నాటివి. ఆ రోజు డ్రమ్ములు వాయించినది రింగో కాదు, స్టూడియో వాద్యకారుడు ఆండీ వైట్. 'లవ్ మీ డూ'లో రింగో చేతికి టాంబొరిన్ (కంజీర లాంటి వాద్యం) ఇచ్చారు. మీరు వింటున్న పాటలో టాంబొరిన్ ఘల్లుమంటుంటే అది ఆల్బమ్ ప్రతి. అది లేకపోతే వారం ముందు, సెప్టెంబరు 4న, రింగో డ్రమ్ములతో రికార్డయి తొలి సింగిల్‌గా వచ్చినది.

ఇప్పుడు ఏ ప్రతి తీసుకోవాలన్నది. నా సలహా ఇలా ఉంటుంది.

కొనగలిగితే మోనో సీడీ లేదా మోనో ఎల్పీ. 1987లో తొలిసారి సీడీగా వచ్చినప్పుడు మొదటి నాలుగు ఆల్బమ్‌లనూ మోనోలోనే ఇచ్చారు. ఆ సీడీ సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే తీసుకోండి, తప్పులేదు. 2009 మోనో బాక్స్ సెట్‌లోని ప్రతి దానికంటే శుభ్రంగా, నిండుగా ఉంటుంది. టర్న్‌టేబుల్ ఉన్నవాళ్లకు 2014లో అనలాగ్ టేపుల నుంచి డిజిటల్ ప్రమేయం లేకుండా కోసిన మోనో ఎల్పీ ఉంది. మొత్తం మీద నాకు నచ్చినది అదే.

ఫోన్‌లోనే వింటానంటే సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద 'మోనో ఆడియో' అనే మీట ఉంటుంది, అది వేసుకోండి. వినికిడి ఒక చెవికే ఉన్నవారి కోసం పెట్టినది గానీ ఇక్కడ చక్కగా ఉపయోగపడుతుంది. పైన చెప్పినట్టు ఇది అసలు మోనో మిక్సుకు సమానం కాదు. గొంతు, వాయిద్యాల పాళ్లు స్టీరియోలో ఎలా ఉన్నాయో అలాగే మిగులుతాయి, 'ప్లీజ్ ప్లీజ్ మీ'లో ఆ తప్పిన మాటా ఉంటుంది. అయినా చెవికి తక్షణం హాయిగా ఉంటుంది. మిగతా పాటలకు వెళ్లేటప్పుడు ఆ మీట తీసేయడం మరిచిపోకండి. ఇళయరాజా పాటలన్నీ ఇరుకైపోయాయని ఒకాయన నా దగ్గరికి వచ్చారు, చూస్తే కారణం ఇదే.

స్టీరియోయే కావాలంటే 2023లో కొత్తగా వచ్చిన '1962–1966' సంకలనంలో ఈ ఆల్బమ్ పాటలు కొన్ని ఉన్నాయి. ఒకే ట్రాకులో కలిసిపోయిన డ్రమ్ములను, బేస్‌ను, గిటార్లను కంప్యూటర్ సాయంతో మళ్లీ విడదీసి, జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ వాటిని కొత్తగా మిక్సు చేశాడు. గొంతు మధ్యకు వచ్చింది, ఇయర్‌ఫోన్లలో ఇబ్బంది లేదు. పనితనం మెచ్చుకోదగ్గదే. నా మటుకు నాకు అది 1963 ఎల్పీని విన్నట్టు కాదు, ఆ పాటల మీద ఇవాళ్టి వాళ్లు చేసిన మరో పనిని విన్నట్టు ఉంటుంది.

పాత మోనో ఎల్పీ ఇంట్లో ఉన్నవాళ్లకు చివరగా ఒక మాట. మోనో రికార్డులో సంగీతమంతా గాడి పక్కలకు ఊగడంలోనే ఉంటుంది, పైకీ కిందికీ ఊగడంలో ఉండేది దుమ్ము, గీతలు, అరుగుదల మాత్రమే. మామూలు స్టీరియో కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) ఈ రెండింటినీ చదువుతుంది. అందువల్ల యాంప్లిఫయర్‌లో మోనో మీట ఉంటే తప్పక వేయండి. కుడి ఎడమలు కలవగానే ఆ నిలువు చప్పుడు తనలో తానే చెల్లిపోయి, చిటపటలు చెప్పుకోదగినంత తగ్గుతాయి. మీట లేకపోతే రెండు చానెళ్లనూ డిజిటల్‌లోకి ఎక్కించాక ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనైనా కలుపుకోవచ్చు. కలిపే ముందు రెండు చానెళ్ల మట్టం సమానంగా ఉందో లేదో చూసుకోండి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉంటే ఆ చప్పుడు పూర్తిగా చెల్లదు.